ఒక కొమ్ము తేడా

ఆదోని,
జూన్ 1978.

చి. సౌ. సరస్వతికి అన్న సేతుమాధవరావు ఆశీర్వదించి వ్రాయునది.

ఇచ్చట నేనును, మీ వదిన భీమాబాయియు క్షేమము. అచ్చట నీవును, బావ భీమరావుగారును క్షేమమని తలంతును. నీ క్రిందటి ఉత్తరములో మీ బడి సంగతులు తెలుపుచు ‘భోదన’ అని వ్రాసితివి. ‘బోధన’ అని ఉండవలెను. పిల్లలకు అక్షరములు దిద్దించు పంతులమ్మవు, అన్న తెలుగు పండితుడు. ఆ ఉత్తరమును ఎర్రసిరాతో దిద్ది దీనికి జతపరచితిని.

మన అమ్మాయి గోదావరి పరీక్షాఫలితము వచ్చినది. పదవ తరగతి మూడవమారు తప్పినది. విన్నది విన్నట్లు అప్పజెప్పు జ్ఞాపకము గలది గనుక లెక్కలు, సైన్సు మొదలైనవి ఎట్లో గట్టెక్కినది. తప్పినది తెలుగులో. ఈ ఊరిలో తెలుగు పండితుని యిల్లేదని అడిగినచో నా యిల్లు చూపుదురు. తెలుగులో తప్పిన పిల్ల యిల్లేదని అడిగినను నా యిల్లే చూపుచున్నారు. దారి అడుగువారికి సౌకర్యముగా నున్నది.

కన్నులు చూపించితిని. డాక్టరు కన్నులు దివ్యముగా ఉన్నవనెను. మంత్రాలయమునకు తీసికొనిపోయి ప్రదక్షిణములు చేయించితిని. ప్రదక్షిణములు తప్పు లేకుండా చేసినది. కావున ఇది సోమరితనము తప్ప మరేమియు కాదని తేలినది. చదువుమన్న తలనొప్పి యనును. వ్రాయుమన్న చేయినొప్పి యనును. పరీక్షలకు ముందొకనాడు అన్నము చల్లారుచున్నదని మీ వదిన చెప్పగా, బడిలోనున్న నాకు చీటీ వ్రాసి పంపినది: ‘అప్పా, అన్నానికి ఎప్పుడు వస్తాము?’ ‘వస్తావు’ అని వ్రాయవలసిన చోట ‘వస్తాము’. ‘వు’కు ఇంకొక కొమ్ము తగిలించి ‘ము’ చేసినది. ఆ తప్పు చిన్నప్పటినుండి ఉన్నది. దిద్ది, తిప్పి పంపితిని. దిద్దుటలో పడి భోజనమునకు పోవుట మరచితిని.

ఊరిలో మాటలు అణగువరకు పిల్లను నీ వద్ద ఉంచుకొనుము. దీపావళికి వచ్చి తీసికొనిపోయెదను. మరల మార్చిలో పరీక్షకు కూర్చుండబెట్టెదను. ఈమారు ప్రతిదినము నేనే ఎదుట కూర్చుండి చెప్పెదను. పెట్టెతోపాటు సరస్వతీలేహ్యము సీసా ఒకటి పంపితిని. ఉదయము చెంచాడు, సాయంకాలము చెంచాడు.

క్రింద గోదావరికి నాలుగు మాటలు వ్రాసితిని. చదువుకొని జవాబు వ్రాయమనుము.

చి. గోదావరికి: విద్యావిహీనమైనజీవితమంధకారమయమగునను సంగతినెఱింగి నీవచ్చటగాలమూరకపుచ్చక ప్రతిదినమొకపుటయైననుజదివి నాకానందముగలిగింపవలెనని యాశీర్వదించుచున్నాను.

ఇట్లు,
సేతుమాధవరావు


ఎమ్మిగనూరు,
జూలై 1978.

అన్నయ్యకు సరస్వతి నమస్కారాలు.

గోదావరి క్షేమంగా చేరింది. పెట్టె కూడా చేరింది. లేహ్యం సీసా చేరింది కానీ, మా ఆయన దాన్ని దోసెలకు పూసుకుని తినేసినారు. జ్ఞాపకశక్తి ఏమైనా పెరిగిందా అని అడిగితే, ఏ సీసా అని అడిగినారు. ఇంకో సీసా పంపవద్దు.

‘భోదన’ దిద్దినందుకు సంతోషం. ఇకనుంచి ‘పాఠం చెప్పడం’ అని రాస్తాను. అందులో నేను తప్పు చేయలేను, నీకూ సిరా మిగులుతుంది.

నువ్వు గోదావరికి రాసిన నాలుగు మాటల సంగతి. అవి నాలుగు మాటలు కావు అన్నయ్యా, ఒకటే మాట. దాని మొదలు ఆదోనిలో ఉంది, చివర ఎమ్మిగనూరులో ఉంది. పైగా నీది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోతావు. పక్కింటి సిద్దమ్మ, మగ్గం నేసే ఆమె, మజ్జిగకు వచ్చి నా చేతిలో కాగితం చూసింది. "ఇదేం రాత తల్లీ, సిక్కుపడిన నూలు మాదిరి ఉండాది. యాడ పట్టుకోని ఇప్పల్ల దీన్ని?" అంది. ఇది మా అన్నయ్య రాత, జిల్లాలో పేరున్న రాత అని చెప్పినాను. "పేరుంటాదిలే" అంది.

గోదావరి ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చాలాసేపు చూసింది. తర్వాత మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. చదివినావా అని అడిగితే చదివినా అత్తా అంది. ఏముంది అంటే, "అందరూ క్షేమమంట" అంది. నువ్వు ఆ ముక్కలో క్షేమం అనే మాటే రాయలేదు. నేను మళ్లీ అడగలేదు.

సోమరి అని రాసినావు. ఇక్కడికి వచ్చిన పిల్ల తెల్లారకముందే లేచి వాకిలి ఊడుస్తుంది. సిద్దమ్మ మగ్గం దగ్గరికి పోయి పోగులు అతకడం నేర్చుకుంటోంది. నాకైతే సోమరితనం ఎక్కడా కనిపించలేదు. పెట్టెలో పెట్టడం నువ్వు మరిచిపోయినావేమో వెతుకు.

ఇంకొకటి. వచ్చే ఏడు ఇక్కడ ఆడపిల్లలకు నేతపని శిక్షణ పెడతారట. గోదావరి నా దగ్గరే ఉండి అందులో చేరతానంటోంది. నీకు కోపం రాకముందే చెబుతున్నాను, ఆ శిక్షణలో తెలుగు పేపరు లేదు.

నీ చెల్లెలు,
సరస్వతి


ఆదోని,
ఆగస్టు 1978.

చి. సౌ. సరస్వతికి ఆశీస్సులు.

నీ ఉత్తరము అందినది. ఈమారు తప్పులు లేవు. తప్పులు రాగల మాటలన్నిటిని తప్పించుకొని వ్రాసితివని గ్రహించితిని.

గొలుసుకట్టు మన తాతగారు నేర్పిన విద్య. కలము ఎత్తకుండ పుట నింపువారు ఈ తాలూకాలో నేను గాక మరి యొక్కరు ఉండిరి. వారును పోయిరి. సిద్దమ్మగారి అభిప్రాయము తెలిసినది. వారి చీరలపై నేను అభిప్రాయము చెప్పలేదు.

చదువక చదివితినని చెప్పుట సోమరితనము కాక మరేమి? ఇప్పుడు దానికి అబద్ధము కూడ తోడైనది. ఎమ్మిగనూరు గాలి యని తలంతును.

నేతపని తప్పని నేననను. అయితే తెలుగు పండితుని కూతురు తెలుగు రాక మగ్గమెక్కినదని జనులు అందురు. రాక ఎక్కుట వేరు, వచ్చి ఎక్కుట వేరు. కావున ఒక పందెము పెట్టుచున్నాను. దీపావళిలోగా గోదావరి తన చేతితో, నీ సాయము లేకుండ, ఒక్క తప్పు లేని ఉత్తరము నాకు వ్రాయవలెను. వ్రాసినచో నీ యింటనే ఉండి మగ్గమో మద్దెలయో నేర్చుకొనవచ్చును. లేనిచో పండుగ ఉదయముననే బస్సెక్కి వచ్చి తీసికొనిపోయెదను. ఒక్క తప్పనగా ఒక్క తప్పే. కొమ్ము తేడా వచ్చినను తప్పే. ఇందు మాట మార్పు లేదు.

ఇట్లు,
సేతుమాధవరావు


ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 1978.

అన్నయ్యకు సరస్వతి నమస్కారాలు.

నీ పందెం గోదావరికి చెప్పినాను. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం తనే వచ్చి నా పక్కన కూర్చుని ఒక సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పవద్దంది. మీ అప్పకు రాయనా అంటే, "అప్ప నమ్మడులే, రాయి" అంది. అందుకే రాస్తున్నాను.

"అక్షరాలు నిలబడవు అత్తా. చూస్తాంటే జరుగుతాయి. పై వరసలోది కింది వరసకు వస్తాది. ‘వు’ అనుకుంటే ‘ము’ అయితాది, ‘ము’ కదా అని దిద్దితే మళ్లీ ‘వు’ అయితాది. అందరికీ ఇట్లే ఉంటాది, అందరూ ఓర్చుకుని చదువుతాండారు, నాకే ఓపిక లేదు అనుకున్నా."

ఇన్నేళ్లూ ఆ పిల్ల అట్లా అనుకుంటూ కూర్చుంది. అది విని నాకు ఏడుపు వచ్చింది అన్నయ్యా. ఈ వాక్యాన్ని మాత్రం నువ్వు దిద్దవద్దు.

మరునాడు మా బడి నుంచి మూడో తరగతి వాచకం తెచ్చి ముందు పెట్టినాను. అందులో ‘ఇల్లు అమ్మకానికి ఉంది’ అని ఒక వాక్యం. గీత చివర చోటు చాలక అచ్చువాళ్లు ‘ఇల్లు అమ్మ’ అని అక్కడ ఆపేసి, కింది గీతలో ‘కానికి ఉంది’ అని వేసినారు. ఇల్లు అమ్మదే అని గోదావరి ఖాయం చేసుకుంది. తర్వాత, "ఈ కాని ఎవరత్తా?" అని అడిగింది. నేను ఆ పుస్తకం ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలకు ఈ కాని ఎదురైనాడో, ఎంతమంది నన్ను అడగడానికి భయపడినారో నాకు తెలియదు.

ఇంట్లో పాత పెళ్లిపత్రికలు గుట్టగా ఉన్నాయి కదా. ఒకటి తీసి మధ్యలో సన్నటి కిటికీ కోసినాను. పుస్తకం మీద పెడితే ఒక్క గీతే కనిపిస్తుంది. పై గీత వాళ్లు కిందికి రావడానికి లేదు. తర్వాత పలక మీద నేనే రాసినాను. అక్షరాలు పెద్దవి, ఒకదానికొకటి తగలకుండా. మాటకూ మాటకూ మధ్య వేలెడు చోటు. గోదావరి మెల్లగా చదివింది. మళ్లీ చదివింది. "ఇవి నిలబడినాయి అత్తా" అంది. ఆ రోజు నుంచి పెళ్లిపత్రిక నడుముకు దోపుకుని తిరుగుతోంది. ఎవరి పెళ్లో నాకు గుర్తులేదు, కానీ ఆ పెళ్లి వల్ల ఒక మేలు జరిగింది.

ఇక నీ పందెం. నాకు సమ్మతమే, కానీ ముందు ఒక న్యాయం జరగాలి. ఉత్తరానికి జవాబు రాయాలంటే ముందు ఉత్తరం అందాలి. గోదావరికి నీ నుంచి కాగితాలు అందినాయి కానీ ఉత్తరం ఇంతవరకు అందలేదు. కాబట్టి ఆమె తనంతట తాను చదవగలిగే ఉత్తరం ఒకటి నువ్వు రాయి. నేను చదివి పెట్టను. ఎక్కడ చదవలేక ఆగిందో అక్కడ నా నీలం పెన్సిలుతో గుర్తు పెట్టి నీకే తిప్పి పంపుతాను. దిద్ది తిప్పి పంపడం మన ఇంటి ఆచారమే కదా.

గొలుసు విప్పి రాయి. మాటలను ఒకదానికొకటి ముడి వేయవద్దు. ఒక సంగతికి ఒక గీత చాలు. గీత చివర మాటను విరగ్గొట్టవద్దు, చోటు మిగిలితే మిగలనీ. ఇవి నా మాటలు కావు, గోదావరి చెబుతుంటే రాసినాను.

నీ చెల్లెలు,
సరస్వతి


ఆదోని,
సెప్టెంబరు 1978.

చి. సౌ. సరస్వతికి ఆశీస్సులు.

అక్షరములు జరుగుట యనునది నేనెన్నడును వినలేదు. నా ఉద్యోగకాలములో ఏ అక్షరమును నా యెదుట కదలలేదు. భయముచేత కావచ్చును.

మాటలను ముడి వేయవద్దంటివి. వాటిని సంధులందురు. చేయవలసినచోట సంధి చేయకుండుట దోషము. ఇరువదేండ్లుగా నేనీ దోషమునకు పిల్లల మార్కులు తగ్గించుచున్నాను. ఇప్పుడు నన్నే సంధి లేకుండ వ్రాయుమనుట, పంచె లేకుండ బజారుకు పొమ్మనుటయే.

ఒక సంగతికొక గీత యంటివి. ఇన్‌లాండు లెటరుపై అట్లు వ్రాసి చూచితిని. క్షేమసమాచారములు ముగియులోపలనే జిగురు అంచు వచ్చినది. కావున కవరు కొంటిని.

పందెము న్యాయముగా ఉండవలెను గనుక గోదావరికి ప్రత్యేకముగా ఒక ఉత్తరము వ్రాసి ఇందులో పెట్టితిని. గొలుసు విప్పితిని. మిక్కిలి తేలికపరచితిని. ఇంతకంటె తేలికపరచినచో అందులో ఏమియు మిగులదు. మొదటి వాక్యములు నీవును చూడుము: ‘గోదావరీ! నీవచ్చట కుశలముగానున్నావని విని సంతసించితిమి. నీయారోగ్యమును జాగ్రత్తగా జూచుకొనుము.’ ఇందులో తెలియనిదేమున్నది?

ఇట్లు,
సేతుమాధవరావు


ఎమ్మిగనూరు,
అక్టోబరు 1978.

అన్నయ్యకు సరస్వతి నమస్కారాలు.

నీ ఉత్తరం దీనితో తిప్పి పంపుతున్నాను. నీలం గుర్తులు చూసుకో. చెప్పడానికి కష్టంగా ఉంది కానీ, నువ్వు తప్పినావు.

‘నీవచ్చట’ దగ్గర మొదటిసారి ఆగింది. ‘నీవు వచ్చావట’ అనుకుని, "నేను యాడికి వచ్చినానంట అత్తా?" అని అడిగింది. ‘కుశలముగానున్నావని’ దగ్గర చాలాసేపు కూర్చుంది, తర్వాత నీళ్లు తాగి వచ్చింది. ‘జూచుకొనుము’ దగ్గర, జూ అంటే జంతువులుండే చోటు కదా అంది. ఆరోగ్యానికీ జూకీ ఏమి సంబంధమో నాకూ చెప్పడానికి రాలేదు.

ఊరికే తప్పులు పట్టలేదు, నీ మంచికి ఒక మాట కూడా చెప్పింది. "ఇది అప్ప మాట్లాడినట్ల లేదు అత్తా. అప్ప ఇంట్లో ఇట్ల మాట్లాడడు. ‘గోదారీ, చెంబు యాడ పెట్టినావే’ అంటాడు. అట్ల రాస్తే నేను చదువుతా."

అన్నయ్యా, ఇంకొకటి రాయాలా వద్దా అని ఇన్ని రోజులు ఆలోచించినాను. రాయకపోతే నీకు ఎప్పటికీ తెలియదు. నువ్వు పండిత శిక్షణకు తిరుపతి పోయిన ఏడు గుర్తుందా? గోదావరి అప్పుడు చిన్నపిల్ల. నువ్వు ఆమె పేరు మీద కార్డులు రాసేవాడివి. జవాబు రాయలేదని, పిల్లకు పొగరని నాతో అన్నావు కూడా. ఆ కార్డులన్నీ ఆమె పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉన్నాయి. నువ్వు పంపిన పెట్టెలోనే వచ్చినాయి. ఒక్కటీ చదవలేదు. వదినకా చదువు రాదు, బయటివాళ్ల చేతికి ఇవ్వడానికి ఈ పిల్లకు మనసు రాలేదు. నేను చదివి వినిపిస్తానని చెయ్యి చాచితే వెనక్కి తీసుకుంది. "నాకు రాసినాడు కదా అత్తా. నేనే చదువుతా, ఎప్పుడో" అంది.

దీపావళి ఎంతో దూరం లేదు. నీకు ఇంకొక అవకాశం ఇవ్వడానికి గోదావరి ఒప్పుకుంది.

నీ చెల్లెలు,
సరస్వతి


ఆదోని,
అక్టోబరు 1978.

సరస్వతికి,

ఉత్తరం అందింది. ఆ రోజు బడికి పోలేదు. ఒంట్లో బాగలేదని చీటీ పంపినాను. ఒంట్లో బాగానే ఉండింది.

తిరుపతిలో ఆదివారం వస్తే కార్డు తీసుకుని కూర్చునేవాణ్ణి. పక్క మంచం ఆయన ఏమి రాస్తున్నారని అడిగితే, నా కూతురికి అని చెప్పేవాణ్ణి. జవాబు కోసం పోస్టు వచ్చే వేళకు వాకిట్లో నిలబడేవాణ్ణి. ఆ కాలమంతా ఆ పిల్ల ఆ కార్డులను చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుందని ఇప్పుడు తెలిసింది. నాకు చాలా బాధగా ఉంది. దీన్ని ఇంతకంటే బాగా రాయడానికి మాటలు చాలా వచ్చు, కానీ ఒక్కటీ పనికి రాలేదు.

నువ్వు పంపిన నీలం గుర్తులు ముందు పెట్టుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టినాను. గొలుసు ఈసారి నిజంగా విప్పేసరికి నా చెయ్యి నా మాట వినలేదు. ప్రతి అక్షరానికీ కలం ఎత్తడం మరిచిపోతుంది. బడిలో ఖాళీ గంటలో రాస్తుంటే డ్రిల్లు మాస్టరు నాగప్ప వెనక నుంచి చూసి, "ఏమి సార్, చేతికి వాతం కొట్టిందా?" అన్నాడు. కొట్టిందనే చెప్పినాను. వివరించడం కష్టం. మరునాడు ఏదో తైలం తెచ్చి ఇచ్చినాడు.

రాసినదల్లా మీ వదినకు వినిపించినాను. "ఈ మాట మీరు ఎప్పుడన్నా అన్నారా?" అని అడిగేది. కొట్టేసి మళ్లీ రాసేవాణ్ణి. సంధులు పోయినాయి. సమాసాలు పోయినాయి. పంచె లేకుండా బజారుకు పోయినట్టే ఉంది, కానీ బజారులో ఎవరూ నవ్వలేదు. చివరిది విని మీ వదిన కళ్లు తుడుచుకుని కాకరకాయలు కోయడానికి పెరట్లోకి పోయింది. కాబట్టి అదే పంపుతున్నాను.

పందెం మాత్రం పందెమే. ఇచ్చిన మాట.

అన్న,
సేతుమాధవరావు

(వేరే కాగితం మీద)

గోదారీ,

నేను అప్పను.

ఇది నా చేతి రాత.

అమ్మ బాగుంది.

పెరట్లో కాకర తీగ బాగా కాసింది.

నువ్వు లేవు. తినేవాళ్లు లేరు.

చెంబు యాడ ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుపతి నుంచి నీకు కార్డులు రాసినాను.

వాటిలో ఏముందో చెబుతాను.

అన్నిట్లోనూ ఒకటే మాట ఉంది.

నువ్వు గుర్తొస్తున్నావు అని ఉంది.

అది చెప్పడానికి పెద్ద మాటలు వాడినాను.

అందుకే నీకు అందలేదు.

నాకు జవాబు రాయి.

తప్పు లేకుండా రాయి.

అప్ప


ఎమ్మిగనూరు,
అక్టోబరు 1978.

అన్నయ్యకు సరస్వతి నమస్కారాలు.

నువ్వు పాసైనావు.

కవరు ఇచ్చి నేను తలుపు దగ్గర నిలబడినాను, చేతిలో నీలం పెన్సిలు పట్టుకుని. గోదావరి సిద్దమ్మ వాళ్ల అరుగు మీద కూర్చుంది. పెళ్లిపత్రిక కిటికీ కాగితం మీద పెట్టింది. ఒక్కొక్క గీతే దింపుకుంటూ పోయింది. పెదవులు కదులుతున్నాయి. చెంబు దగ్గర నవ్వింది. నవ్విందంటే చదివిందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

‘నువ్వు గుర్తొస్తున్నావు అని ఉంది’ అనే చోట కిటికీ ఆగిపోయింది. ఎంతసేపటికీ కిందికి జరగలేదు. నేను పోయి, ఇక్కడ గుర్తు పెట్టనా అని పెన్సిలు చూపించినాను.

"వద్దత్తా. ఇక్కడ చదవలేక ఆగలేదు" అంది.

నేను లోపలికి వచ్చేసినాను. పెన్సిలు ఎక్కడ పెట్టినానో ఇప్పటికీ దొరకలేదు.

సిద్దమ్మ వచ్చి ఆ కాగితం చూసి, "ఇది మీయన్న రాతేనా? సిక్కు ఇప్పినాడే!" అంది. నీకు చెప్పమంది.

జవాబు రాయడానికి గోదావరికి చాలా రోజులు పట్టింది. రాసింది, చింపింది, మళ్లీ రాసింది. ఒక్కొక్క మాటనూ కిటికీలో పెట్టి చూసుకుంది. ఆఖరికి మడిచి నా చేతికి ఇచ్చింది. నేను విప్పి చూడలేదు. చూస్తే దిద్దుతానని భయం, మన వంశం అట్లాంటిది. కాబట్టి అందులో ఏముందో నాకు తెలియదు, తప్పులున్నాయో లేదో తెలియదు. అది నీకూ ఆమెకూ మధ్య సంగతి. ఒక్కటి మాత్రం రాస్తున్నాను. నిన్నటి నుంచి ఎక్కడ బస్సు హారను వినిపించినా ఆ పిల్ల వీధి వైపు చూస్తోంది.

నీ చెల్లెలు,
సరస్వతి

(మడిచిన కాగితం)

అప్పా,

నీ ఉత్తరం నేనే చదివినాను.

అత్త చదవలేదు.

చెంబు బావి గట్టు మీద ఉంటాది.

కాకరకాయలు నాకు పంపు.

సిద్దమ్మ మగ్గం మీద నేను కొంచెం నేసినా.

అంచు వంకర పోయింది. సిద్దమ్మ తిట్టలేదు.

పాత కార్డులు దాచి పెడతా.

అవి కూడా ఒకనాడు చదువుతా.

అప్పా, ఈసారి బాగా రాసినాము.

గోదావరి


ఆదోని,
దీపావళి, 1978.

సరస్వతికి,

గోదావరి ఉత్తరం అందింది. మొదట ఊరికే చదివినాను. మీ వదినకు చదివి వినిపించినాను. ఆమె బావి గట్టు దగ్గరికి పోయి చెంబు తెచ్చింది. తర్వాత ఎర్రసిరా బుడ్డి మూత తీసి, బల్ల ముందు కూర్చుని, పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దడానికి మళ్లీ చదివినాను. ఇచ్చిన మాట కదా.

చివరి గీత దాకా తప్పు లేదు. చివరి గీతలో ‘ఈసారి బాగా రాసినాము’ అని ఉంది. అక్కడ ఉండవలసింది ‘రాసినావు’. నేను బాగా రాసినానని నన్ను మెచ్చుకోబోయింది. ‘వు’కు ఇంకో కొమ్ము పడి ‘ము’ అయింది. పాత తప్పే. అన్నం చీటీలో చేసిన తప్పే. కొమ్ము తేడా వచ్చినా తప్పే అని పందెంలో నేనే రాసినాను.

కలం సిరాలో ముంచినాను. ముంచి, వ్యాకరణం ఆలోచించినాను. ‘రాసినాము’ అంటే రాసినవాళ్లు ఒకరికంటే ఎక్కువ ఉండాలి, వాళ్లలో చెప్పే మనిషి కూడా ఉండాలి. నేను పంపిన ఉత్తరం ఎవరు రాసినారు? చెయ్యి నాది. గొలుసు విప్పించింది గోదావరి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చోటు వదలాలో చెప్పింది గోదావరి. ‘చెంబు యాడ’ అనేది నా నోటి మాట అని నాకు గుర్తు చేసింది కూడా ఆమే. నేను ఒక్కణ్ణే రాసినది మీరు నీలం గుర్తులతో తిప్పి పంపినారు, అది నా దగ్గరే ఉంది.

ఆ ‘ము’ను ‘వు’ అని దిద్దితే వాక్యం అబద్ధమైపోతుంది. ఇన్నేళ్లలో నేను చాలా దిద్దినాను కానీ నిజాన్ని దిద్ది అబద్ధం చేసిన జ్ఞాపకం లేదు. ఈ వయసులో మొదలుపెట్టలేను. కలం కడిగేసినాను.

పందెం ఆమే గెలిచింది. బస్సెక్కలేదు. శిక్షణకు పేరు ఇవ్వమను, తండ్రి సంతకం కావాలంటే కాగితం పంపు. గొలుసు లేకుండా పెడతాను. కాకరకాయలు బస్సు కండక్టరు సుంకప్ప చేతికిచ్చి పంపుతున్నాను. భీమరావుగారిని వాటి జోలికి పోవద్దని చెప్పు.

కింద గోదావరికి నాలుగు మాటలు రాసినాను. ఈసారి నాలుగే.

అన్న,
సేతుమాధవరావు

గోదారీ,

ఉత్తరం అందింది.

తప్పు లేదు.

అప్ప